ఏటిమొగలో నీరు, బురద: పరీక్షించడం ఎలా?

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ ఉన్నదే దివిసీమ. ఏటిమొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు; నాగాయలంక దాటి దిగువకు వెళ్తే ఆ పేరుతో ఊరే ఉంది. ఉప్పు ఎంత దూరం ఎగదన్నుతోందో చూడాలంటే ఈ దారిలో మూడు చోట్లు ఎంచుకోండి. పోలికకు గుడివాడ వైపు పంటకాలవ నీళ్లు ఒక సీసాడు పట్టండి.

ముందు నోటుబుక్కు, తర్వాతే సీసా. తేదీ, గంట, అప్పుడు పోటా పాటా అన్నది రాయకుండా పట్టిన నీళ్లు పారబోసినట్టే. పాటులో చప్పగా ఉన్న రేవే పోటుకు ఉప్పెక్కుతుంది. పున్నమికి, అమావాస్యకు పోటు మరీ పెద్దది. వేళల సంగతి రేవులో జాలరిని అడగండి. పడవలో లైఫ్ జాకెట్ తప్పనిసరి. మడ అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి కావాలి.

ఉప్పునీరు బరువు, అడుగునుంచి దూరుతుంది. అందుకే పైనీరు, అడుగునీరు విడిగా పట్టాలి. సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే తాడు కట్టి దించండి. అడుగు తగిలాక బిరడా తాడు గుంజితే బుడబుడమంటూ నిండుతుంది. కరిగిన ఆక్సిజన్ కొలవడానికి మాత్రం ఇది పనికిరాదు, గాలి కలిసిపోతుంది.

బురదకు పాటు వేళ మంచిది. జానెడు పీవీసీ గొట్టం నిలువునా దింపి, పైమూత బిగించి లాగండి. నిలువునా కోసి చూస్తే పైపొర గోధుమ రంగు, కింద నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. ఆ నల్లపొరలో ఆక్సిజన్ లేదని అర్థం.

ల్యాబ్‌లో నీళ్లు వడగట్టి, ఉప్పునీటిని పది రెట్లు పలచన చేయండి. పొటాషియం క్రోమేట్ చుక్కలు వేసి, బ్యూరెట్‌తో సిల్వర్ నైట్రేట్ వదలండి. పసుపు పోయి ఇటుక రంగు నిలిచిన చుక్క దగ్గర ఆగాలి. వచ్చిన క్లోరైడ్‌ను పలచన చేసినందుకు పదితో, ఆపై 1.80655తో గుణిస్తే లవణీయత. కాలవ నీటికి ఈ లెక్క నప్పదు. సముద్రంలోనైతే లీటరుకు సుమారు 35 గ్రాములు. క్రోమేట్ విషం, చేతికి గ్లౌజులు వేసుకోండి.

బురదను 63 మైక్రాన్ల జల్లెడలో కడిగితే ఇసుక పైన మిగులుతుంది. విడిగా కొంత 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి తూచి, 550 డిగ్రీల వద్ద నాలుగు గంటలు కాల్చండి. తగ్గిన బరువు దాదాపుగా అందులోని సేంద్రియ పదార్థం.

మే నెలలో ఒకసారి, వరద రోజుల్లో ఒకసారి అవే చోట్ల మళ్లీ పట్టండి. దారిలో బోరు ఉప్పగా మారిందనే రైతు కనిపిస్తే అతని నీళ్లు కూడా ఒక సీసా తెచ్చి పరీక్షించి, ఆ అంకె రాసి అతని చేతికివ్వండి.