బేరింగ్ పదార్థాలు: బాబిట్ నుంచి సిరామిక్ దాకా

నిర్వచనం

తిరిగే షాఫ్టుకు ఆధారమిస్తూ ఘర్షణను తగ్గించే యంత్రభాగం బేరింగ్. నూనె పొరపై షాఫ్టు జారితే అది జారుడు బేరింగ్. మధ్యలో బంతులు లేదా రోలర్లు దొర్లితే దొర్లుడు బేరింగ్. మొదటిదానికి షాఫ్టు కన్నా మెత్తని లోహం, రెండోదానికి బాగా గట్టిపరచిన ఉక్కు వాడతారు.

బాబిట్ లోహం

జారుడు బేరింగులకు వాడే ఈ మిశ్రమలోహాన్ని అమెరికాకు చెందిన ఐజాక్ బాబిట్ 1839లో వెలుగులోకి తెచ్చాడు. దీనికే తెల్లలోహం అని పేరు. తగరం ప్రధానంగా ఉండే రకంలో ప్రసిద్ధ నిష్పత్తి తగరం 89, ఆంటిమొనీ 7.5, రాగి 3.5 శాతం. చౌకరకంలో తగరం స్థానాన్ని చాలావరకు సీసం ఆక్రమిస్తుంది.

అంతర్నిర్మాణం

ఆంటిమొనీ సుమారు 8 శాతం దాటితే తగరంతో కలిసి ఘనాకారపు గట్టి స్ఫటికాలు ఏర్పడతాయి. ఇవి తేలికైనవి కాబట్టి, పోతపోసేటప్పుడు ద్రవంలో పైకి తేలాలి. అయితే రాగి-తగరం సూదులు ముందే గడ్డకట్టి వలలా అల్లుకొని వాటిని ఆపుతాయి. రాగి కలపడానికి ఇదొక ముఖ్య కారణం. గట్టి స్ఫటికాలు బరువు మోస్తే, చుట్టూ ఉన్న మెత్తని తగరం నూనెలో కొట్టుకొచ్చిన నలుసులను తనలోకి అదుముకొని షాఫ్టుకు గీతలు పడకుండా చూస్తుంది.

పరిమితి

తగరం ద్రవీభవన స్థానం 232 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. వేడి పెరిగితే బాబిట్ బలం పడిపోతుంది. పదేపదే పడే భారానికి పగుళ్లిస్తుంది కూడా. అందుకే ఉక్కు చిప్పపై పలుచని పొరగా పోస్తారు.

రాగి మిశ్రమాలు

గన్‌మెటల్‌లో రాగి 88, తగరం 10, జింకు 2 శాతం. జింకు ఉంది కదా అని దీన్ని ఇత్తడిగా గుర్తించరాదు, ఇది కంచు వర్గం. సీసపు కంచులో సీసం రాగిలో కరగక చిన్న బిందువులుగా మిగిలి, నూనె అందని క్షణాల్లో కందెనగా పనిచేస్తుంది. రాగి 90, తగరం 10 శాతం పొడిని అచ్చులో ఒత్తి కాల్చితే సూక్ష్మరంధ్రాల బుష్షు వస్తుంది. టేబుల్ ఫ్యాన్లలో వాడే ఈ బుష్షు రంధ్రాల్లోనే నూనె నిల్వ ఉంటుంది.

ఉక్కు, సిరామిక్

బాల్ బేరింగ్ ఉక్కులో ప్రామాణికమైన 52100 రకంలో కార్బన్ సుమారు 1, క్రోమియం సుమారు 1.5 శాతం. అధిక వేగాలకు సిలికాన్ నైట్రైడ్ అనే తేలికైన సిరామిక్‌తో చేసిన బంతులు వాడతారు. వీటి సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 3.2 గ్రాములు, ఉక్కుది 7.8. వీటి గుండా విద్యుత్తు ప్రవహించదు.