తోడు చెంచాలో ప్రాణముంది: ఇంటి పెరుగు, కడుపు ఆరోగ్యం

మూడేళ్ల కిందట అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న నా పాత విద్యార్థి ఒకడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "టీచర్, రాత్రి నుంచి విరేచనాలు ఆగడం లేదు. ఏం తినమంటారు?" అన్నాడు. నేను పెద్దగా ఆలోచించకుండా "పెరుగన్నం తిను బేటా, అదే తగ్గిపోతుంది" అన్నాను. సాయంత్రానికి తోటి కుర్రాళ్లు అతన్ని ఆసుపత్రికి మోసుకెళ్లి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. నేను పరుగున వెళ్లేసరికి డాక్టరు అడిగిన మొదటి మాట, "పొద్దున్నుంచి ఓఆర్‌ఎస్ ఏమైనా తాగించారా?" అని. ఇన్నేళ్లుగా సైన్సు చెబుతున్న నా దగ్గర జవాబు లేదు.

కుర్రాడు కోలుకున్నాడు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పెరుగు మంచిదే. అయితే అది ఏం చేస్తుందో, ఏం చేయదో రెండూ తెలిసి తినాలి, తినిపించాలి. అందుకే ఈ చిన్న పాఠం.

పాలు ఎలా తోడుకుంటాయి?

8వ తరగతికి సూక్ష్మజీవుల పాఠం చెప్పేటప్పుడు ఏటా బల్ల మీద మూడు గిన్నెలు పెడతాను. ఒకదానిలో కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచిన పాలు, ఇంకోదానిలో గోరువెచ్చని పాలు, మూడోదానిలో అప్పుడే పొయ్యి మీంచి దించిన పాలు. మూడింటిలోనూ ఒక్కో చెంచా తోడు వేస్తాం. మన ఇళ్లలో దీన్నే జామన్ అంటాం. బడి వదిలే వేళకు గోరువెచ్చని పాలు గట్టిపడతాయి. చల్లని పాలు ఇంకా పాలగానే ఉంటాయి. వేడి పాలు చాలాసార్లు మర్నాటికీ తోడుకోవు. చల్లదనంలో బ్యాక్టీరియా మందగిస్తుంది, మరిగే వేడిలో చనిపోతుంది. పిల్లలు ఈ సంగతి పుస్తకం చూడకుండానే చెప్పేస్తారు.

తోడులోని బ్యాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆ పులుపుకే పాలలోని మాంసకృత్తులు గడ్డకడతాయి. పాలు తాగితే కడుపు ఉబ్బరించే చాలామందికి పెరుగు సరిపడటానికి కారణం ఇదే. లాక్టోజ్ కొంత ముందే తగ్గిపోతుంది. మిగిలినది అరగడానికి పెరుగులోని బతికున్న బ్యాక్టీరియా పేగులో సాయపడుతుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో ఈ ఒక్క మేలును ధ్రువీకరించింది.

ఇంటి పెరుగు ప్రోబయోటిక్ అవుతుందా?

1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా వైద్య విద్యార్థి తమ దేశపు పెరుగులో ఒక బ్యాక్టీరియాను కనుగొన్నాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త మెచ్నికోవ్, బల్గేరియా పల్లెవాసుల దీర్ఘాయువుకు పెరుగే కారణమని నమ్మి ప్రచారం చేశాడు. ఆ బ్యాక్టీరియా మన పేగులో స్థిరపడదని తరువాత తేలింది. అందువల్ల పెరుగు ఒకరోజు గిన్నెడు తిని వదిలేసేది కాదు, రోజూ కొంచెం తినాల్సింది.

2001లో ఐక్యరాజ్య సమితి నిపుణులు ప్రోబయోటిక్‌కు నిర్వచనం ఇచ్చారు. తగినంత సంఖ్యలో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లు. మన ఇంటి పెరుగులో బతికున్న బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. కానీ అది ఏ రకమో, ఎంతో మనం కొలవలేం. కాబట్టి శాస్త్రం ప్రకారం దానికి ఆ పేరు పెట్టలేం. పేరు లేకపోయినా మంచి ఆహారమే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు సూచించింది.

ఇంకో సంగతి. బిర్యానీ మాంసానికి పట్టించిన దహీలోని బ్యాక్టీరియా దమ్ వేడికి చచ్చిపోతుంది, పోషకాలు మాత్రం మిగులుతాయి. పక్కన వడ్డించే దహీకీ చట్నీలోనే బ్యాక్టీరియా సజీవంగా ఉంటుంది. సహరీలో తినే పెరుగన్నం కూడా అన్నం చల్లారాక కలిపితేనే మేలు.

తోడుపెట్టే పద్ధతి

1. లీటరు పాలు పొంగు వచ్చాక సన్నటి మంట మీద 5 నిమిషాలు కలుపుతూ కాచాలి.
2. 40 నుంచి 45 డిగ్రీలకు చల్లార్చాలి. థర్మామీటర్ లేకుంటే, శుభ్రంగా కడిగిన చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టే వరకు ఓర్చుకోగలిగితే చాలు.
3. తాజా పెరుగు ఒక చెంచా కొంచెం పాలలో చిదిపి, మొత్తం పాలలో కలపాలి. తోడు ఎక్కువైతే పులుపు ఎక్కువవుతుంది.
4. మూతపెట్టి కదపకుండా ఉంచాలి. వేసవిలో 5, 6 గంటలు చాలు. డిసెంబరు చలిలో గిన్నెకు దుప్పటి చుట్టి రాత్రంతా ఉంచాలి.
5. గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. మరుసటి తోడు కోసం పొడి చెంచాతో ముందే కొంచెం తీసి దాచుకోవాలి. రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

గులాబీ, పచ్చ, నల్ల మచ్చలు కనిపించినా, జిగటగా సాగినా, చెడువాసన వచ్చినా మొత్తం పారబోయాలి. పైపైన తీసేసి తినకూడదు.

ఇవి మరవద్దు

విరేచనాలకు మొదటి మందు ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మీద రాసిన కొలత నీటిలోనే కలపాలి. పెరుగన్నం పక్కన తినవచ్చు గాని, పోయిన నీటిని, లవణాలను అది పూడ్చలేదు. మలంలో రక్తం, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం, మగత ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కొన్ని యాంటీబయాటిక్ మాత్రలు పెరుగుతో కలిస్తే ఒంటికి సరిగా పట్టవు. సిప్రోఫ్లాక్సాసిన్ అలాంటిది. ఎంత ఎడం ఇవ్వాలో డాక్టరును అడగాలి. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు కూడా డాక్టరును అడిగాకే ఇంటి పెరుగు తినాలి.

దాతలకు ఒక మనవి

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న గదుల్లో ఊరు వదిలి వచ్చిన పిల్లలు వేల మంది ఉన్నారు. పంజాగుట్ట నిమ్స్ బయట రోగులను కనిపెట్టుకుని రోజుల తరబడి గడిపే బంధువులున్నారు. మీరు పంచే భోజనంలో ఒక కప్పు పెరుగు చేర్చండి. అయితే దాన్ని ఐస్ పెట్టెలో తెచ్చి, బయటికి తీసిన రెండు గంటల్లోపు తినిపించండి. ఎండలో నిలవ ఉన్న పెరుగు పంచడం కంటే పంచకపోవడమే మేలు.

దానితోపాటు మీకు తెలిసిన ప్రతి హాస్టల్ కుర్రాడి గదిలో నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉంచండి. ఇద్దరు స్నేహితులు కలిసి టిఫిన్ చేసినంత ఖర్చు కూడా కాదు. ఆ రోజు నా విద్యార్థి గదిలో ఒక్క ప్యాకెట్ ఉండి, నేను సరైన మాట చెప్పి ఉంటే, అతనికి సెలైన్ అవసరం వచ్చేది కాదేమో.