పెంట్‌హౌస్ తొమ్మిదో ఇల్లా, ఎనిమిది ఇళ్ల మిద్దెనా?

సమస్య

మాది ఎమ్మిగనూరు. మామగారు కట్టించిన సొంత ఇల్లు, ముందు గదిలో బట్టల అంగడి. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆదోని పాత ఊళ్లో ఒక పెద్ద ఇల్లు పడగొట్టి, 650 గజాల స్థలంలో అపార్ట్‌మెంట్ కడుతున్నారు. నాలుగంతస్తుల్లో ఎనిమిది ఫ్లాట్లు, వాటి పైన ఒకే ఒక్క పెంట్‌హౌస్. దాని చుట్టూ మిద్దె అంతా కొన్నవాళ్లదేనట. ఒకవైపు రణమండల కొండ, ఇంకోవైపు మసీదు మినార్లు కనిపిస్తాయట. మా ఆయనకు నెల రోజులుగా వేరే మాట లేదు. ఊళ్లో ఇల్లు అమ్మి అది కొందామంటారు. చదరపు అడుగుకు కింది ఫ్లాట్ల కంటే సగం ఎక్కువ చెబుతున్నారు. ఎనిమిది ఫ్లాట్లే కాబట్టి రెరా అక్కర్లేదని, సగం డబ్బు నగదుగా ఇస్తే తగ్గిస్తామని బిల్డర్ అంటున్నాడు. రేపు ఆదోని జిల్లా అయితే ధర రెట్టింపవుతుందని మా ఆయన నమ్మకం. మా అత్తకు డెబ్బై దాటాయి, అంత పైకి నేను రానంటుంది. నేను వద్దంటే, ‘నీకు ఎదగడం చేతకాదు’ అంటున్నారు. నాది పిరికితనమేనా?

- ఒక సోదరి, ఎమ్మిగనూరు

సలహా

అమ్మా, మీ వారి ముచ్చటను నేను తక్కువ చేయను. విజయనగర రాజులు, బీజాపూర్ సుల్తానులు, మొగలులు, నిజాం సోదరుడు బసాలత్ జంగ్ ఒకరి తర్వాత ఒకరు ఏలిన కోట ఆదోని. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి పట్టుకున్నాడు. 1800లో దత్తమండలాలతో పాటు ఇంగ్లిషువాళ్ల చేతికి పోయింది. పదిహేడో శతాబ్దంలో బీజాపూర్ తరఫున ఆదోనిని పాలించిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ పాత ఊరికి గుర్తు. తర్వాత పత్తి, బట్టల వ్యాపారంతో రెండో బొంబాయి అనిపించుకుంది ఆ ఊరు. దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలో అంగడి నడుపుకునే మనిషికి అలాంటి ఊరి నడిబొడ్డున, అందరి కంటే పైన కాపురం ఉండాలనిపించడంలో వింతేమీ లేదు. అయితే ధర సంగతి విడిగా చూడాలి. కింది ఫ్లాట్లకు వాడిన ఇటుక, సిమెంటు, ఇనుమే దీనికీ వాడతారు. అదనంగా అడుగుతున్న డబ్బంతా మిద్దెకు, ఆ మిద్దె మీంచి కనిపించే దృశ్యానికి. కాబట్టి మీ ఇంట్లో తేలాల్సింది మీ పిరికితనం సంగతో, మీ వారి ధైర్యం సంగతో కాదు. ఆ మిద్దె అమ్మే హక్కు బిల్డర్‌కు ఉందా లేదా అన్నది తేలాలి.

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఉమ్మడి స్థలాల జాబితాలో మెట్లు, లిఫ్టులతో పాటు టెర్రస్‌లను కూడా చేర్చింది. అంటే మామూలుగా భవనం మిద్దె అందులోని ఇళ్లవాళ్లందరిదీ. ఒక ఇంటికి మాత్రమే అనుబంధంగా ఉండే టెర్రస్‌ను కూడా అదే చట్టం గుర్తిస్తుంది, కాదనను. అయితే అది మంజూరైన ప్లానులో అలా కనిపించాలి, మిగతా ఇళ్లు కొన్నవాళ్ల పత్రాలలో కూడా అలాగే ఉండాలి. బిల్డర్ నోటి మాట, రంగుల బ్రోచరు ఇక్కడ పనికిరావు. ఇప్పుడు ఆయన చెప్పిన లెక్కే చూడండి. స్థలం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, ఇళ్లు ఎనిమిదికి మించకపోయినా రెరా నమోదు అక్కర్లేదని చట్టం మినహాయించింది. మీ 650 గజాలు సుమారు 543 చదరపు మీటర్లు, కాబట్టి స్థలం లెక్కలో మినహాయింపు దొరకదు. ఆయన పట్టుకున్నది ఎనిమిది అన్న అంకెను. మరి పెంట్‌హౌస్ ఎన్నోది? అది ఇల్లే అయితే మొత్తం తొమ్మిదవుతాయి, నమోదు తప్పదు. నమోదు అక్కర్లేదంటే ప్లానులో ఎనిమిదే ఉన్నట్టు, మీకు అమ్ముతున్నది ఎనిమిది ఇళ్ల ఉమ్మడి మిద్దె మీద లేపిన గదులు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావు. ఆయన రెండూ చెబుతున్నాడు.

భూమి వాటా దగ్గర కూడా ఇదే చిక్కు బయటపడుతుంది. ఫ్లాటు కొన్నవాళ్లకు కింది స్థలంలో అవిభాజ్య వాటా రాసిస్తారు. ఆ 650 గజాలను ఇప్పటికే ఎనిమిది వాటాలుగా రాసేసి ఉంటే, తొమ్మిదో ఇంటికి గజం నేల కూడా మిగలదు. ఏ ముప్పై నలభై ఏళ్లకో భవనం పాతబడి పడగొట్టాల్సి వస్తే మిగిలేది నేలే. ఎమ్మిగనూరులో మీకు నేల మొత్తం మీదే. దాన్ని అమ్మి నేల లేని ఇల్లు కొనడాన్ని ఎదగడం అనలేం.

మీ వారు ఒక మాట అంటారు, నాకు తెలుసు: ఆదోనిలోనే కాదు, కర్నూలులోనూ అనంతపురంలోనూ మిద్దెల మీద ఇలాగే కడుతున్నారు, ఎవరినీ ఎవరూ కదిలించలేదు, రేపు బీపీఎస్ (అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం) వస్తే డబ్బు కట్టి సక్రమం చేసుకోవచ్చు అని. నిజమే, అలాంటి పథకాలు వచ్చాయి. 2019 నాటిది 2018 ఆగస్టు 31 లోపు కట్టినవాటికే వర్తించింది. మళ్లీ వచ్చే పథకం ఏ తేదీ పెడుతుందో దానిమీద జీవితకాలపు సొమ్ము పందెం కాయలేం. పైగా అది మున్సిపాలిటీకీ కట్టినవాడికీ మధ్య లెక్క. కింది ఎనిమిది ఇళ్లవాళ్లకు మిద్దె మీదున్న హక్కును అది తుడిచేయదు. నీళ్ల ట్యాంకు కడగాలన్నా, వడియాలు పెట్టుకోవాలన్నా వాళ్లు పైకి వస్తే మీరు తలుపు వేయలేరు. వేస్తే కోర్టుకు పోతారు. మంజూరైన ప్లాను మార్చి మధ్యలో ఒక ఇల్లు చేర్చాలన్నా, నమోదైన ప్రాజెక్టులో మూడింట రెండు వంతుల కొనుగోలుదార్ల లిఖిత సమ్మతి కావాలి. ఇక సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 17న మీరట్ కేసులో గట్టిగానే చెప్పింది: ఏళ్లు గడిచినంత మాత్రాన అక్రమ కట్టడం సక్రమం కాదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే నీళ్లు, కరెంటు ఇవ్వాలి, బ్యాంకులు కూడా ఆ పత్రం చూశాకే అప్పులివ్వాలి. ఇన్నాళ్లూ ఎవరూ కదిలించలేదన్న ధీమా అమ్మేవాడికి పనికొస్తుంది. డబ్బు చేతికొచ్చాక ఆయన ఆ మిద్దె మీద ఉండడు కదా.

నగదు మాట ఇంకా ప్రమాదం. స్థిరాస్తి లావాదేవీలో 20 వేల రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి నిషేధించింది, పుచ్చుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. పుచ్చుకునేది బిల్డర్ కదా అనుకోవద్దు. ఆయనకు నగదు ఇవ్వాలంటే మీకు నగదు రావాలి. అది మీ ఎమ్మిగనూరు ఇంటి అమ్మకం నుంచే రావాలి. అప్పుడు పుచ్చుకున్నవాళ్లు మీరే అవుతారు. పాత ఇల్లు అమ్మిన లాభంతో రెండేళ్లలోపు కొత్త ఇల్లు కొంటే పన్ను మినహాయింపు ఉంది, కానీ లెక్కకొచ్చేది పత్రంలో రాసిన ధరే. రేపు వివాదమొచ్చి డబ్బు వెనక్కి అడగాల్సి వచ్చినా అంతే, నగదుగా ఇచ్చిన సగం ఇచ్చినట్టే ఉండదు.

జిల్లా అయితే రేటు పెరుగుతుందన్నది కొట్టిపారేసే మాట కాదు. పెరగవచ్చు. పెరిగితే ఆదోనిలో చిక్కుల్లేని ఇంటి స్థలం కూడా పెరుగుతుంది, చిక్కుల్లేని మామూలు ఫ్లాటు కూడా పెరుగుతుంది. కార్యాలయాలకని వచ్చే ఉద్యోగి కొనగలిగేది, బ్యాంకు అప్పిచ్చేది అలాంటి ఫ్లాటే. అప్పు పుట్టని పెంట్‌హౌస్‌ను మొత్తం రొక్కమిచ్చి కొనేవాళ్లు ఆ ఊళ్లో ఎందరుంటారు? ఉన్నవాళ్లలో చాలామంది హైదరాబాద్, బెంగళూరు వైపే చూస్తారు. దృశ్యం సంగతీ అంతే. గాలి, వెలుతురు ఇరవై ఏళ్లు అనుభవిస్తే హక్కు పుడుతుందని 1882 నాటి చట్టం అంటుంది గానీ, కొండ కనిపించే హక్కంటూ ఏదీ ఇవ్వదు. పక్కవాడు కూడా పాత ఇల్లు పడగొట్టి ఇంకో అంతస్తు ఎక్కువ లేపితే మినార్లు అటువైపు గోడ వెనక్కి పోతాయి. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఊరు కాబట్టి పై కప్పు వేడి మొత్తం ఆ ఇంటికే. నీళ్లు తుంగభద్ర దిగువ కాలువ నుంచి బసాపురం చెరువుకు చేరి ఊళ్లోకి రావాలి. కాలువ ఆగిన నెలల్లో ఆ నిల్వే గతి. మోటారు, లిఫ్టు నడవాలంటే కింది ఎనిమిది ఇళ్లవాళ్లు నెలనెలా మెయింటెనెన్స్ కట్టాలి. మిద్దె మీ సొంతమన్నందుకు కోపమొచ్చిన పొరుగువాళ్లు ముందు ఆపేది అదే.

పోట్లాట వద్దు. మీ వారిని వద్దనకుండా కొన్ని కాగితాలు అడగమనండి. మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లానులో పెంట్‌హౌస్ గీసి ఉందా? మీకు రాసిచ్చే పత్రం ముసాయిదాలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలు? రెరా నమోదు సంఖ్య ఏది? నమోదైతే అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదు, కట్టడంలో లోపాలు తేలితే అయిదేళ్ల వరకు బాధ్యత ఆయనదే. పాత ఊరి పెద్ద ఇళ్లకు వారసులు చాలామంది ఉంటారు కాబట్టి ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), పాత లింకు పత్రాలు తీయించండి. వక్ఫ్, దేవాదాయ భూములుండే 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు లేదని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చూసుకోండి. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించినదేదైనా దగ్గర్లో ఉంటే వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో రెండొందల మీటర్ల వరకు అనుమతి కావాలి. ఆ సంగతీ ప్లాను ఫైల్లోనే తెలుస్తుంది. మీకు అప్పు అవసరం లేకపోయినా ఒక జాతీయ బ్యాంకులో ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టండి. మీరడిగితే దాటేసే ప్రశ్నలకు బ్యాంకు వకీలు అడిగితే జవాబు చెప్పక తప్పదు.

ఇవన్నీ చేతికొచ్చేదాకా ఎమ్మిగనూరు ఇంటికి బయానా పుచ్చుకోవద్దు. ఇల్లు మామగారి పేరు మీదే ఉంటే మీ అత్తగారూ వారసురాలే, ఆమె సంతకం లేనిదే అమ్మకం సాగదు కూడా. కాగితాల్లో పెంట్‌హౌస్ లేదని తేలి, పైన ఏమీ కట్టకుండా బిల్డర్ ఎనిమిదింటితో ఆపితే, అదే భవనంలో మొదటి అంతస్తు ఫ్లాటు ధర కనుక్కోమనండి. మెట్లు తక్కువ, మీ అత్తగారు రావచ్చు. మిద్దె ఎక్కి రణమండల కొండ చూసే హక్కు ఆ ఫ్లాటువాళ్లకూ ఉంటుంది, దానికి వేరే ధర లేదు.