దారి చూపే తెర: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: హైదరాబాద్ నుంచి కారులో వచ్చే బంధువులు ఫోన్‌లో ‘గన్నవరం’ అని కొడితే విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం చూపిస్తోందట. తప్పు వాళ్లదా, మ్యాపుదా?
- ఓ గృహిణి, పి.గన్నవరం

జవాబు: మీవాళ్లది కాదండి. ఒకే పేరుతో రెండు ఊళ్లున్నప్పుడు, పేరు కిందే జిల్లా, దూరం పెద్ద అక్షరాల్లో చూపి ‘ఏ గన్నవరం?’ అని బండి కదలకముందే అడగాలి. అలా అడగని తెరదే లోపం. ప్రస్తుతానికి పిన్‌కోడ్ కూడా కొట్టమనండి. మనది 533తో, అక్కడిది 521తో మొదలవుతుంది. ఇంటి లొకేషన్ వాట్సాప్‌లో పంపితే ఇంకా మంచిది.

ప్రశ్న: కారు నావిగేషన్ తెర మీద ప్రాజెక్టు చేస్తున్నాం. ముందుగా ఏం చూసుకోవాలి?
- ఇంజనీరింగ్ విద్యార్థి, అమలాపురం

జవాబు: డ్రైవర్ చూపు రోడ్డు మీంచి ఎంతసేపు మళ్లుతోందో చూసుకోండి. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013 మార్గదర్శకాల ప్రకారం ఒక్కో చూపు 2 సెకన్లు, ఒక పని మొత్తానికి 12 సెకన్లు మించకూడదు. గంటకు 60 కి.మీ. వేగంలో 2 సెకన్లంటే దాదాపు 33 మీటర్లు. మన కాలువ గట్టు రోడ్డు మీద ఆ కాస్త దూరంలోనే కొబ్బరికాయల ట్రాక్టరో, సైకిల్ మీద బడిపిల్లాడో ఎదురుపడవచ్చు. అందుకే తెర మీద ఒక్క మలుపే చూపండి: పెద్ద బాణం, దూరం, ఊరి పేరు. బండి నడుస్తుంటే టైపింగ్ పనిచేయకూడదు. మిగతాదంతా తెలుగులో, ముందుగానే గొంతుతో చెప్పించండి. ‘300 మీటర్ల తర్వాత ఎడమకు’ అనడం కన్నా ‘అక్విడెక్టు దాటాక ఎడమకు’ అంటే ఇక్కడివాళ్లకు ఇట్టే తెలుస్తుంది. తయారయ్యాక ఆగి ఉన్న కారులో టాక్సీ డ్రైవర్ల చేత వాడించి, వాళ్లెక్కడ తడబడ్డారో రాసుకోండి.

ప్రశ్న: వరదల్లో మ్యాపును నమ్మవచ్చా?
- కారు డ్రైవర్, చాకలిపాలెం

జవాబు: దాన్నొక్కదాన్నే నమ్మకండి. గోదావరికి వరదొస్తే బూరుగులంక రేవు దగ్గర తాత్కాలిక బాట తెగుతుంది, లంకలవాళ్లు పడవెక్కాల్సిందే. మీ దగ్గరి కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది. మ్యాపు రద్దీని ఎక్కువగా ఫోన్ల కదలికను బట్టి లెక్కగడుతుంది. బండ్లు లేని దారి ఖాళీగా ఉందో, నీట మునిగిందో ఆ లెక్కకు అందదు. అందుకే దారి సమాచారం ఎప్పటిదో తెర మీద కనపడాలి. బండి ఆపి, ఒక్క నొక్కుతో ‘ఇక్కడ నీళ్లున్నాయి’ అని చెప్పే వీలుండాలి. వానాకాలంలో బయల్దేరే ముందు మీరు వెళ్లే లంకలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి. నీళ్లెక్కిన కాజ్‌వే మీదికి తెర పొమ్మన్నా పోకండి.