అక్షరాల ఆట, చవక సర్వరు

1936లో మన గంజాం, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుండి విడిపోయి ఒరిస్సాలో చేరాయి. బడిలో ఒడియా చదివే మన పిల్లలకు తెలుగు అక్షరాలు ఇంటిపాఠమే అయ్యాయి. అందుకే మూడిల్ వంటి ఉచిత పాఠవేదికలో, అందరూ ఒకేసారి ఆడే అక్షరాల ఆట పెట్టవచ్చునా అని ఆలోచించాము.

పెట్టవచ్చును. అయితే చవక సర్వరు సాధారణంగా అడిగినదానికి జవాబిచ్చి తలుపు మూసుకుంటుంది. కొత్త సంగతి ఉన్నదా అని ప్రతి ఫోనూ 2 సెకన్లకొకసారి తడితే, 40 మంది పిల్లలు నిమిషానికి 1,200 సార్లు తట్టినట్లే! 2011లో ప్రమాణంగా వచ్చిన వెబ్‌సాకెట్ తలుపును తెరిచే ఉంచుతుంది గాని, చాలా చవక సర్వర్లలో దానికి వీలులేదు.

కావున వంతులవారీ ఆట చాలును. 10 సెకన్లకొకసారి తడితే 240 మాత్రమే. మార్కులు వేగానికి కాక, సరియైన జవాబుకే ఇవ్వండి. లేకుంటే పాత ఫోనున్న పిల్ల అక్షరం తెలిసి కూడా ఓడిపోతుంది, మరుసటి వారం రాదు. రాని పిల్లను మళ్ళీ రప్పించడం ఎంత కష్టమో పాఠాలు చెప్పిన మాకు తెలుసు.