చీర నువ్వే విప్పు

పాపా,

బెంగళూరు చిక్‌పేటలో కొట్టు మెట్లెక్కగానే గొంతు ఎండిపోయిందనీ, చీర ధర అడిగితే చెప్పలేక నాన్నకి ఫోన్ కలిపి ఇచ్చేశాననీ రాశావు. పిరికిదాన్నని నిన్ను నువ్వు తిట్టుకోకు. ఇది మన ఇంటి అలవాటు. మీ తాత, ఆయన తండ్రి షావుకారు దగ్గర రేషం, జరీ తెచ్చుకుని, చీర నేసి ఇచ్చి కూలి తీసుకున్నవాళ్లే. నేసిన చీర ధర ఇంతని పలకాల్సిన పని వాళ్లకెప్పుడూ పడలేదు. షావుకారు చెప్పేవాడు, వీళ్లు తలూపేవాళ్లు. పైగా ముందే తీసుకున్న బాకీ ఒకటి నెత్తిన ఉండేది. బాకీ ఉన్నవాడికి గొంతెక్కడ లేస్తుంది? గుంత మగ్గంలో కాళ్లు దించి కూర్చున్నవాడు, గడప దగ్గరికి ఎవరొచ్చినా తలెత్తి చూసే మాట్లాడాలి. ఆ చూపు మగ్గం దిగాక కూడా మనవాళ్లని వదల్లేదు. కొట్లో పరుపు అంచున ఒదిగి కూర్చున్నావే, అది అక్కణ్నుంచి వచ్చిందే.

ఇప్పుడు సరుకు నీది, పెట్టుబడి నీది. కాబట్టి పరుపు మీద నిండుగా కూర్చో. సంచి ఒళ్లో పెట్టుకోకుండా పక్కన పెట్టు. యజమాని ఫోన్‌లో ఉంటే ముగిసేదాకా ఆగు. అతను ఇటు తిరిగాకే సంచి తెరువు.

చీర నువ్వే విప్పు. గుమాస్తా చేతికిస్తే రెండు మడతలు లాగి పక్కన పడేస్తాడు. ముందు కొంగు తీసి, వాకిలి వైపు వెలుతురు పడేట్టు పట్టుకో. ట్యూబ్‌లైటు కింద మన ధర్మవరం చీర సగమే కనిపిస్తుంది. పడుగు ఎరుపు, పేక ఆకుపచ్చ వేసిన చీరని పగటి వెలుగులో కొంచెం వాల్చి చూడు, మడత మడతకీ రంగు మారుతుంది. తర్వాత అంచు, ఆ తర్వాత ఒడలు. చూపిస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉండక్కర్లేదు. చూసేవాడికి చూసే టైమివ్వు.

నీ సరుకు సంగతి ఎదుటివాడికంటే నీకే ఎక్కువ తెలిసి ఉంటే భయం సగం పోతుంది. ఇది గట్టిగా నమ్మి చెప్తున్నాను. పట్టు అసలుదేనా అని అడిగితే అలిగే పని లేదు. పేక పోగు ఒకటి లాగి వెలిగించి చూపించు. వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. జరీ గురించి అడిగితే అసలు జరీయో, టెస్టెడ్ జరీయో ఉన్నదున్నట్టు చెప్పు. అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూసింది. టెస్టెడ్‌లో ఆ తీగ రాగిది. ఇంకొకటి, చాలామంది వ్యాపారులే తికమకపడేది. సిల్క్ మార్క్ లేబుల్ పట్టుకి మాత్రమే హామీ. మగ్గం మీద నేశారా, పవర్‌లూమ్ మీదా అన్నది అది చెప్పదు. చేతితో నేసిందనడానికి చేనేత గుర్తు వేరే ఉంది, అది 2006లో వచ్చింది. ఈ తేడా నెమ్మదిగా, నొప్పించకుండా విడమరిచి చెప్పు, ఎదుటివాడు సర్దుకుని కూర్చుంటాడు. తెలియనిది అడిగితే 'కనుక్కుని రేపు చెప్తానండీ' అను, చెప్పినట్టే రేపు ఫోన్ చెయ్యి.

'ఇదే డిజైన్ పవర్‌లూమ్‌లో సగానికొస్తుంది' అని తప్పకుండా అంటారు. వాదించకు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద 11 రకాల వస్త్రాలు చేనేతకే కేటాయించి ఉన్నాయనీ, అంచు చీర అందులో ఒకటనీ నీకు తెలిసుంటే చాలు. 'అది కావాలంటే అదే తీసుకోండి, ఇది మగ్గం చీర' అని మామూలు గొంతుతో చెప్పి ఊరుకో.

ధర ఒక్కసారే చెప్పు. చెప్పాక వచ్చే నిశ్శబ్దం చాలా ఇబ్బందిగా ఉంటుంది. 'కావాలంటే తగ్గిస్తాను' అనే మాట అప్పుడే నోట్లోంచి జారిపోతుంది. దాన్ని పట్టుకో. బయల్దేరే ముందే రేషం, జరీ, అద్దకం, కూలి, అచ్చులు అతికినందుకు ఇచ్చింది అన్నీ వేసి, ఇంతకి దిగితే నష్టం అనే అంకె ఒకటి రాసిపెట్టుకో. అంతకంటే కిందకి అడిగితే చీర చక్కగా మడిచి 'మళ్లీ కలుద్దామండీ' అని లేచెయ్యి. మూతి ముడవకు. రేపు వాళ్లే పిలవొచ్చు.

మన సీమ యాస గురించి సిగ్గుపడ్డావట. ఎందుకు పాపా? చిక్‌పేటలో కన్నడం, తెలుగు, హిందీ అన్నీ కలిసే నడుస్తాయి. నీకు కన్నడం బాగానే వచ్చు. ఇంగ్లీషు ముక్కలు వెతుక్కుంటూ తడబడే బదులు వచ్చిన భాషలో నిదానంగా మాట్లాడు.

అన్నిటికంటే కష్టం, రావలసిన డబ్బు అడగడం. పెళ్లిళ్లలో, సభల్లో ధైర్యంగా తిరిగేవాళ్లు కూడా అక్కడ నసుగుతారు. తమ డబ్బే దానంగా అడుగుతున్నట్టు ముఖం పెడతారు. ఉద్దరకి ఇస్తే బిల్లు మీదే గడువు తేదీ రాయించు. చిన్న పరిశ్రమల నమోదు పోర్టల్ ఉద్యమ్‌లో పేరు నమోదు చేయించుకో. అలా నమోదైన చిన్న ఉత్పత్తిదారుకి, ఒప్పందం ఏదున్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. గడువు రోజున ఫోన్ చేసి 'ఫలానా తేదీ బిల్లు, ఇంత మొత్తం, ఎప్పుడు వేస్తారు?' అని అడుగు. క్షమించండి అని మొదలుపెట్టకు, ఇంట్లో ఇబ్బందులు ఏకరువు పెట్టకు.

వచ్చే వారం మళ్లీ బెంగళూరు పోతున్నావు కదా. తీసుకెళ్లే చీరలన్నిటికీ లెక్క వేసి నాకు పంపు, ముఖ్యంగా ఆ కింది అంకె. అద్దకం ఖర్చు మర్చిపోతావేమో, చూసి చెప్తాను.

మీ పెదనాన్న,
ధర్మవరం