కైరానా తీర్పును ఎలా చదవాలి?

ఉత్తరప్రదేశ్‌లోని కైరానా ఎంపీ హుకుం సింగ్ 2018 ఫిబ్రవరి 3న నోయిడాలోని ఆస్పత్రిలో కన్నుమూశారు. లోక్‌సభ గడువు ఇంకా ఏడాదికి పైగా ఉన్నందున, ప్రజాప్రాతినిధ్య చట్టం–1951లోని 151ఎ సెక్షన్ ప్రకారం ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక తప్పనిసరైంది. అదే ఏడాది జూన్‌లో నెల్లూరు, తిరుపతి, ఒంగోలు, రాజంపేట, కడప ఎంపీల రాజీనామాలు ఆమోదం పొందేనాటికి ఏడాది గడువు మిగల్లేదు. అందుకే అక్కడ ఉప ఎన్నికలు జరగలేదు.

కైరానాలో మే 28న పోలింగ్, 30న 73 కేంద్రాల్లో రీపోలింగ్ జరిగాయి. విపక్షాల మద్దతుతో ఆర్‌ఎల్‌డీ అభ్యర్థి తబస్సుమ్ హసన్, హుకుం సింగ్ కుమార్తె మృగాంకా సింగ్ (బీజేపీ)పై 44,618 ఓట్లతో గెలిచారు. పదహారో లోక్‌సభలో ఉత్తరప్రదేశ్ నుంచి ఏకైక ముస్లిం సభ్యురాలు ఆమే. చక్కెర మిల్లుల చెరకు బకాయిలతో విసిగిన రైతుల ముందు ‘జిన్నా కాదు, గన్నా’ (గన్నా అంటే చెరకు) అన్న నినాదం నిలిచింది.

ఈ ఉప ఎన్నిక ఫలితాన్ని సార్వత్రిక ఎన్నికలకు సూచికగా చూడటం పొరపాటని నా వాదన. విపక్షాల ఐక్యతే గెలిపించిందని కొందరంటారు. అందులో నిజముంది. కానీ 2019లోనూ ఎస్పీ, బీఎస్పీ, ఆర్‌ఎల్‌డీ కలిసే ఉన్నాయి. అదే తబస్సుమ్ ఎస్పీ తరఫున నిలబడి 92 వేలకు పైగా ఓట్లతో ఓడిపోయారు. ఉప ఎన్నికలో దాదాపు 54 శాతమే పోలింగ్. 2019లో అది 67 శాతం దాటింది. ప్రభుత్వం మారే అవకాశం లేని ఎన్నికలో పల్లె ఓటరు తన బకాయి గురించి అడిగాడు. ఏడాది తర్వాత ఢిల్లీలో ఎవరు పాలించాలో తేల్చాడు.